పెనం చల్లగా ఉన్నప్పుడే

(అనంతపురంలో ఇంటి వంటలు నేర్చుకునేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన పిల్లలకు కూడా. కుర్చీలు చాల్లేదట, కాస్త సర్దుకోండి.

ఈ పూట నన్ను బేకన్ గురించి మాట్లాడమన్నారు. ఎందుకో మీకు తెలుసు. డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లలు ఇళ్ళకు వస్తారు. వచ్చేటప్పుడు ఐస్ పెట్టిన సంచిలో ఒక ప్యాకెట్ తెచ్చి, "అమ్మా, కొత్త సంవత్సరానికి ఫ్రెండ్స్ వస్తారు, దీంతో ఏమైనా చెయ్యి" అంటారు. అమ్మ ఆ ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి ఫ్రిజ్‌లో ఒక మూల పెడుతుంది. పిల్లలు వెళ్ళిపోయాక కూడా అది అక్కడే ఉంటుంది. నా దగ్గరికి వంట నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా చెప్పే సంగతి ఇదే. ఆ ప్యాకెట్ వృథా కాకూడదని, దాంతో మన ఇంటి వంటే చేసుకోవచ్చని చెప్పడానికి వచ్చాను.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బేకన్ అంటే పంది మాంసం. ఈ హాల్లో అది తినని వాళ్ళు సగానికి పైనే ఉంటారని నాకు తెలుసు. మతం వల్ల తినని వాళ్ళు ఉంటారు, ఇంటి ఆచారం వల్ల తినని వాళ్ళు ఉంటారు, మనసు ఒప్పక తినని వాళ్ళు ఉంటారు. మా అమ్మ కూడా జీవితంలో ఎప్పుడూ ముట్టలేదు. ఈరోజు ఇక్కడ రెండు స్టౌలు, రెండు పెనాలు, రెండు రకాల గరిటెలు పెట్టించాను. అటు వైపు బల్ల మీదవన్నీ శాకాహారమే. కంగారు పడకుండా కూర్చోండి.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో. మా పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. అంకుల్ గార్డు. ఆంటీ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడినా, కుళాయి దగ్గర మాత్రం అచ్చం గుంతకల్లు తెలుగే. బెంగళూరులో ఉన్న వాళ్ళ అక్క అప్పుడప్పుడు రైల్లో బేకన్ పంపేది. కాగితంలో చుట్టి, పైన తడిగుడ్డ చుట్టి వచ్చేది. ఆ రోజు సాయంత్రం మా వీధి వీధంతా ఒకటే వాసన. పొగ వాసన, ఉప్పు వాసన, కొవ్వు కరుగుతున్న వాసన.

ఒకసారి వాళ్ళ వంటింటి గడప మీద కూర్చుని చూశాను. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆంటీ దగ్గర ఒక నల్లటి ఇనుప పెనం ఉండేది. స్టౌ వెలిగించకముందే పలచటి ముక్కలు ఒక్కొక్కటే దాని మీద పరిచింది. ఒకదాని మీద ఒకటి పడకుండా, దోసెకు పిండి సర్దినంత శ్రద్ధగా. ఆ తర్వాతే అగ్గిపుల్ల గీసింది. "పెనం కాలకుండానే వేశావేం ఆంటీ?" అని అడిగాను. "దానికి కావాల్సిన నూనె అదే ఇచ్చుకుంటది పాపా, మనం తొందరపెట్టకూడదు" అంది.

రెండు మూడు నిమిషాలు ఏమీ జరగలేదు. తర్వాత ముక్కల అంచులకు చెమట పట్టినట్టు మెరుపు వచ్చింది. తెల్లగా ఉన్న కొవ్వు మెల్లగా అద్దంలా అయింది, దాని కింద నల్లటి పెనం కనిపించింది. సన్నగా చిటపట మొదలైంది. ఆంటీ ఫోర్కుతో ఒక్కొక్కటీ తిప్పింది. నూనె నురగలాగా పొంగి, ఆ నురగ చప్పుడు తగ్గినప్పుడు స్టౌ ఆపేసింది. ఇంకా కొంచెం మెత్తగానే ఉన్నాయి కదా అనుకున్నాను. పాత న్యూస్‌పేపర్ మీద తీసి పెట్టాక అప్పడంలా గట్టిపడ్డాయి.

ఇప్పటికీ నా క్లాసుల్లో నేను నేర్పే మొదటి పాఠం అదే. కాలిన పెనం మీద బేకన్ వేస్తే పైభాగం గబుక్కున ఎర్రబడి ముడుచుకుపోతుంది, లోపలి కొవ్వు కరగదు. నమిలితే రబ్బరులా సాగుతుంది. చల్లటి పెనం మీద వేసి సన్నసెగ పెడితే కొవ్వు ముందు కరుగుతుంది, ఆ కొవ్వులోనే ముక్క వేగుతుంది. చుక్క నూనె పొయ్యక్కర్లేదు. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఓవెన్ ఉన్నవాళ్ళు ట్రేలో పరిచి 200 డిగ్రీల దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. జనం ఎక్కువ ఉన్నప్పుడు అదే సులువు.

ఇంతకీ బేకన్ అంటే ఏంది? పంది పొట్ట భాగం మాంసం తీసుకుని, ఉప్పు, కొంచెం చక్కెర, సోడియం నైట్రైట్ అనే రసాయన లవణం పట్టించి కొన్ని రోజులు చల్లగా ఉంచుతారు. చాలా రకాలను తర్వాత పొగలో పెడతారు. ఒక గీత ఎరుపు, ఒక గీత తెలుపు ఉండేది పొట్ట భాగం. ఇంగ్లండ్‌లో ఎక్కువగా తినేది వీపు భాగం, దాంట్లో కొవ్వు తక్కువ. ఇటలీ వాళ్ళ పాంచెట్టా కూడా పొట్ట భాగమే, కానీ మామూలుగా దానికి పొగ పెట్టరు. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే నాగాలాండ్‌లో పొయ్యి మీద వేలాడదీసి పంది మాంసానికి పొగ పట్టిస్తారు.

మనకు మాత్రం కొత్తా ఇది? ఈ హాల్లో ఉప్పుకండ తెలియని ఇల్లు ఉందా? జాతరకు కోసిన పొట్టేలు మాంసం మిగిలితే అమ్మ పొడుగ్గా చీల్చి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద దండెం కట్టేది. మూడు నాలుగు రోజుల ఎండకు చెక్కలా తయారయ్యేది. కాకులను తోలే పని నాది. వానాకాలంలో కూరగాయ దొరకని రోజు రెండు ముక్కలు దంచి నూనెలో వేయించి పెడితే ఒక్క ముక్కతో సంగటి ముద్ద మొత్తం లోపలికి పోయేది. మా అమ్మ ఆంటీకి ఉప్పుకండ ఇచ్చేది. ఆంటీ దాన్ని తిని, "ఇది మా బేకన్‌కు చెల్లెలు" అనేది.

ఆ మాట నేను మర్చిపోలేదు, ఎందుకంటే వంట మొత్తం అందులోనే ఉంది. ఉప్పుకండను మనం కూరలాగా గిన్నె నిండా వండుకోం. ఒక ముక్క, దాని చుట్టూ సంగటి. బేకన్ కూడా అంతే. ప్లేటు నిండా వేసుకునేది కాదు. తిరగమోతలో ఇంగువ ఎట్లానో, బేకన్ అట్లా. ఆరుగురికి 100 గ్రాములు చాలు. అది ఇచ్చే కొవ్వు, ఉప్పు, పొగ వాసన మిగతా వంటను మోస్తాయి.

ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. ఉప్పుకండలో నీళ్ళన్నీ ఎండ లాగేస్తుంది, అందుకే డబ్బాలో నిలవ ఉంటుంది. బేకన్‌లో నీళ్ళు ఉంటాయి. అది ఫ్రిజ్‌లోనే ఉండాలి. ప్యాకెట్ తెరిచాక వారం లోపల వాడేయండి. లేదంటే రెండేసి ముక్కలు కాగితంలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెల వరకు రుచి బాగుంటుంది. మన ఊర్లో ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్ ఎంతసేపు చల్లగా ఉంటుందో మీకే తెలుసు. అనుమానం వస్తే పారేయండి, ప్యాకెట్ ఖరీదు చూసుకోవద్దు.

ఇప్పుడు వంటలకు వద్దాం. మొదటిది ఉగ్గాని. బేకన్‌కు మన ఉగ్గాని కంటే మంచి జోడీ నాకు దొరకలేదు. బొరుగులకు సొంత రుచి తక్కువ, ఏది ఇస్తే అది పీల్చుకుంటాయి. 100 గ్రాముల బేకన్‌ను గోరంత ముక్కలుగా కోసి చల్లటి బాండ్లీలో వేసి సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించి, ముక్కలు పక్కకు తీసేయండి. బాండ్లీలో రెండు స్పూన్ల కొవ్వు ఉంచి మిగతాది గిన్నెలోకి వంచుకోండి, అది పారేసేది కాదు. ఆ రెండు స్పూన్లలోనే ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు. బొరుగులు నీళ్ళలో ముంచి గట్టిగా పిండి వెయ్యండి. పప్పుల పొడి చల్లి కలపండి. ఉప్పు మామూలుగా వేసే దాంట్లో సగం కూడా వద్దు, బేకన్‌లో ఉన్నదే సరిపోతుంది. రుచి చూసుకుని వేసుకోండి. దించి నిమ్మకాయ పిండి, తినే ముందు మాత్రమే బేకన్ ముక్కలు పైన చల్లండి. ముందే కలిపితే ఆవిరికి మెత్తబడిపోతాయి.

పక్కన బజ్జి లేకుండా ఉగ్గాని ఉండదు కదా. బజ్జి మిరపకాయను చీల్చి గింజలు తీసి, లోపల పనీరు, వేయించి పొడి చేసిన బుడ్డలు (వేరుశనగలు), కొంచెం జీలకర్ర కూరి, పైన సగం బేకన్ ముక్క చుట్టండి. శనగపిండి లేదు, నూనె మూకుడు లేదు. పెనం మీద పెట్టి అన్ని వైపులా తిప్పుతూ కాల్చడమే. చుట్టిన కొస కిందికి ఉండేలా పెడితే విడిపోదు. అమెరికాలో వాళ్ళ మిరపకాయల్లో చీజ్ పెట్టి ఇదే చేస్తారు. మన బజ్జి మిరపకాయకు కారం తక్కువ, కండ ఎక్కువ, కాబట్టి ఇంకా బాగా కుదురుతుంది.

పార్టీలో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే ప్లేటు ఖర్జూరాలది. గింజ తీసిన మెత్తటి ఖర్జూరంలో రెండు వేయించిన బుడ్డలు పెట్టి, సగం ముక్క బేకన్ చుట్టి, టూత్‌పిక్ గుచ్చి కాల్చండి. స్పెయిన్‌లో బాదం పెడతారు. అనంతపురంలో ఉండి బుడ్డలు వదిలి బాదం ఎందుకు కొనాలి? పది బేకన్ ముక్కలతో ఇరవై ఖర్జూరాలు అవుతాయి. పొద్దునే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, మనుషులు వచ్చాక కాల్చుకోవచ్చు. అప్పుడు మీరు కూడా వాళ్ళతో కూర్చోవచ్చు. పార్టీ రోజు ఇంటావిడ వంటింట్లోనే ఉండిపోవడం నాకు నచ్చదు.

ఇక గొజ్జు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది నాకు చాలా ఇష్టం. బయటి దేశాల్లో బేకన్ జామ్ అంటారు, వెనిగర్, చక్కెర వేసి చేస్తారు. నేను చింతపండు, బెల్లం వేసి చూశాను. మొదటిసారి బెల్లం ఎక్కువై పాకంలా అయింది. రెండోసారి చింతపండు ఎక్కువైంది. మూడోసారి కుదిరింది. కొలత రాసుకోండి. 200 గ్రాముల బేకన్ చిన్న ముక్కలుగా వేయించి తీయండి. ఆ కొవ్వులో మూడు పెద్ద ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేసి, పావుగంట, ఇరవై నిమిషాలు, అవి తేనె రంగుకు వచ్చేదాకా ఓపికగా వేయించండి. ఇక్కడ తొందరపడితే గొజ్జుకు తీపి రాదు. తర్వాత ఆరు తెల్లగడ్డ పాయలు, నాలుగు ఎండుమిరపకాయలు కచ్చాపచ్చాగా దంచి వెయ్యండి. పెద్ద ఉసిరికాయంత చింతపండు రసం, రెండు స్పూన్ల బెల్లం, అర గ్లాసు నీళ్ళు. బేకన్ ముక్కలు తిరిగి వేసి, సన్నసెగ మీద దగ్గరపడేదాకా ఉడకనివ్వండి. గరిటెతో బాండ్లీ అడుగున గీత గీస్తే ఆ గీత వెంటనే పూడకూడదు. అదీ గుర్తు.

దీన్ని వేడి జొన్నరొట్టె మీద రాసుకుని తినండి. రొట్టె పైపొరను వేలితో తెరిచి, లోపల ఒక స్పూను గొజ్జు పెట్టి మూస్తే, వేడికి కొవ్వు కరిగి రొట్టెలోకి దిగుతుంది. మా వారు మామూలుగా ఏది పెట్టినా మాట్లాడకుండా తింటారు. ఆ రోజు రెండో రొట్టె అడిగారు. పార్టీకైతే రొట్టెలను రూపాయి బిళ్ళంత చేసి పైన గొజ్జు పెట్టండి. ఒక హెచ్చరిక. చింతపండు, కారం ఉన్నాయి కదా అని ఊరగాయలాగా జాడీలో పెట్టి అటక మీద పెట్టకండి. ఇది ఊరగాయ కాదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయాలి.

గిన్నెలోకి వంచిన కొవ్వు ఉంది కదా. ఉడకబెట్టిన చిన్న ఉర్లగడ్డలను అరచేత్తో కొంచెం నొక్కి, ఆ కొవ్వులో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

వాన పడే రాత్రి, ఒంట్లో బాగాలేని రోజు, ఉద్యోగం టెన్షన్‌తో పిల్లలు ముఖం వేలాడేసుకుని వచ్చిన రోజు నేను చేసేది ఒక్కటే. మధ్యాహ్నం మిగిలిన అన్నం, రెండు బేకన్ ముక్కలు, నాలుగు తెల్లగడ్డ పాయలు, రెండు గుడ్లు. బేకన్ వేగాక తెల్లగడ్డ వేసి, గుడ్లు కొట్టి, అన్నం వేసి, మిరియాల పొడి చల్లి కలపడం. పక్కన పలచటి టమాటా చారు. బేకన్ బరువును ఆ చారు పులుపు దించేస్తుంది. పావుగంటలో అయిపోతుంది, ఒక్క బాండ్లీ కడిగితే చాలు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మాయి పదో తరగతి అయిపోయిన సంవత్సరం ఇంట్లో పిల్లలందరికీ పార్టీ పెట్టాను. మిరపకాయ బజ్జీలు వేస్తూ, మూకుట్లో నూనె తగ్గిందని గిన్నెలో ఉన్న బేకన్ కొవ్వు అందులో పోశాను. రుచి బాగుంటుంది కదా అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు. బజ్జీ చూస్తే శాకాహారమే. మా అమ్మాయి స్నేహితురాలు, ముస్లింల ఇంటి పిల్ల, ప్లేటులోంచి ఒకటి చేతిలోకి తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గుండె ఆగినంత పనైంది. పరిగెత్తుకెళ్ళి, "వద్దమ్మా, అది నీకు కాదు, తప్పు నాది" అని చేతిలోంచి తీసుకున్నాను. ఇంకా కొరకలేదు. ఆ సాయంత్రమే వాళ్ళమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్పినావు చూడక్కా, అది చాలు" అంది. ఇప్పటికీ రంజాన్‌కు వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది మాకు.

అప్పటి నుంచి మా ఇంట్లో బేకన్‌కు పెనం వేరు, గరిటె వేరు, కొవ్వు పోసే గిన్నె వేరు. ప్లేటు ముందు చీటీ పెడతాను. చీటీ చదవని వాళ్ళు ఉంటారు కాబట్టి గుమ్మంలోనే నోటితో చెప్తాను. అన్నీ కలిపి ఒకే బల్ల మీద పెట్టను. మీరూ అట్లాగే చెయ్యండి. మనల్ని నమ్మి మన చేతి తిండి తింటారు మనుషులు.

ఎవరో చెయ్యి ఎత్తారు. చెప్పమ్మా... ఇంట్లోనే మాంసం తెచ్చి బేకన్ చేసుకోవచ్చా అని అడుగుతోంది. ఉప్పుకండలాగా ఎండబెట్టొచ్చా అని. వద్దు తల్లీ. పంది మాంసంతో ఆ పని చెయ్యొద్దు. సరిగా ఉడకని పంది మాంసం నుంచి బద్దెపురుగు కడుపులోకి చేరుతుంది. ఆ పురుగు ఉన్న మనిషి మలంలోంచి దాని గుడ్లు మురికి చేతుల ద్వారానో, కడగని కూరగాయల ద్వారానో ఇంకొకరి కడుపులోకి పోతే, వాటిలోంచి వచ్చే పిల్లపురుగులు మెదడు దాకా చేరి ఫిట్స్ తెప్పించగలవు. మన దేశంలో డాక్టర్లు చూసే జబ్బే ఇది. ఇంకొకటి, నైట్రైట్ వేసేది గులాబీ రంగు కోసమే కాదు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే క్రిమిని అది ఆపుతుంది. దాన్ని గ్రాముల్లో, మిల్లీగ్రాముల్లో తూచి వెయ్యాలి. ఎక్కువైతే అదే విషం. మన వంటింటి త్రాసుతో అయ్యే పని కాదు. ప్యాకెట్ బేకన్ కూడా చాలావరకు పచ్చిదే. గులాబీ రంగు చూసి ఉడికిందనుకోకండి, పూర్తిగా వేయించాకే నోట్లో పెట్టండి.

ఆరోగ్యం సంగతి కూడా దాచను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో, బేకన్‌లాంటి నిలవ మాంసాలు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. రోజూ అన్న మాట గమనించండి. అమెరికాలో పొద్దునే బేకన్, గుడ్లు తినడం అంతగా పాతుకుపోవడానికి 1920లలో ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు చేసిన పని ఒక కారణం. బేకన్ అమ్మే కంపెనీ కోసం, బరువైన టిఫిన్ ఒంటికి మంచిదని డాక్టర్ల చేత చెప్పించి పేపర్లలో వేయించాడు. మన పొద్దుటి టిఫిన్‌కు ఉగ్గాని ఉంది, కారం దోసె ఉంది. వాటి జాగాలో దీన్ని రోజూ కూర్చోబెట్టొద్దు. పండగకో, పార్టీకో, పిల్లలు వచ్చిన రోజుకో, అదీ నేను చెప్పిన కొలతలో. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టర్‌ను అడిగి తినండి.

పంది తినని వాళ్ళకు చికెన్ బేకన్ దొరుకుతుంది. దాంట్లో కొవ్వు తక్కువ కాబట్టి పెనం మీద ఒక స్పూను బుడ్డల నూనె వెయ్యాలి. హలాల్ కావాలంటే ప్యాకెట్ మీద చూసి కొనండి. అసలు మాంసమే వద్దనుకుంటే, ఎండుకొబ్బరిని పలచగా చీల్చి, ఉప్పు, బెల్లం నీళ్ళు, మిరపపొడి పట్టించి వేయించి ఉగ్గాని మీద చల్లండి. అటు బల్ల మీద చేసి పెట్టాను. అది బేకన్ కాదు, కానీ ఆ కరకర, ఆ ఉప్పూ తీపీ మీకూ దొరుకుతాయి.

మాట్లాడింది చాలు. ఇక్కడ పెనం మీద ముక్కలు పరిచేశాను. ఇంకా స్టౌ వెలిగించలేదు. ముందుకు రండి, పిల్లలూ మీరు కూడా. పెనం మీద చెయ్యి పెట్టి చూడమ్మా, చల్లగానే ఉంది కదా? సరే, ఆ అగ్గిపెట్టె ఇటు ఇవ్వు.